ఆగే పని, ఆగని పని: కుటుంబ పొలానికి కాపురం మారుస్తున్న వారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉద్యోగాలు వదిలి, 9, 6 ఏళ్ల పిల్లలిద్దరినీ తీసుకుని మీ అత్తమామల పొలానికి వెళ్లిపోదామనుకుంటున్నారు. అక్కడ పాడి ఉంది, పైరు ఉంది, కోళ్లున్నాయి. రోజు ఎలా గడుస్తుంది, పెద్దవాళ్లతో కలిసి పని చేయడం కుదురుతుందా, పిల్లలకు ఏ పనులు చెప్పొచ్చు, చుట్టుపక్కల వాళ్లు మమ్మల్ని కలుపుకుంటారా, వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి అని అడిగారు. నేనూ పట్నంలో పెరిగి, పెళ్లయ్యాక పొలానికి వచ్చినదాన్నే. వచ్చి 27 ఏళ్లయింది. కొత్తలో నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించినవే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పొలంలో పని ఎప్పటికీ అయిపోదు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. ఉద్యోగానికి అలవాటు పడ్డవాళ్లు ఈరోజు పని ముగించి పడుకుందాం అనుకుంటూ వస్తారు, ఆరు నెలల్లో అలిసిపోతారు. ఇక్కడ పట్టుకోవాల్సిన కిటుకు ఒక్కటే: ఏ పని ఆగుతుంది, ఏ పని ఆగదు. పాలు పితకడం ఆగదు. పశువులకు నీళ్లు ఆగవు. ఈనే పశువు ఆగదు. కోసి ఆరబెట్టిన గడ్డి మీదికి మబ్బు కమ్ముకొస్తుంటే అదీ ఆగదు. ఊగిపోతున్న తలుపు, రంగు వెలిసిన షెడ్డు, ఎప్పటినుంచో సర్దాలనుకుంటున్న సామాన్ల గది, ఇవన్నీ ఆగుతాయి. మీ మామగారిని అడిగితే ఈ తేడా మాటల్లో చెప్పలేకపోవచ్చు, కానీ ఆయన ఒంట్లో ఉంటుంది. మొదటి ఏడాది ఆయన ఏ పని మధ్యలో వదిలేసి ఏ పనికి పరిగెత్తుతున్నారో గమనించండి. ఎందుకని అప్పుడే అడగకండి, సాయంత్రం తీరిగ్గా అడగండి.

ఇక రోజు సంగతి. తెల్లవారుజామున పాలు, సాయంత్రం పాలు. వీటి మధ్య దాదాపు 12 గంటలు. మిగతా రోజంతా ఈ రెండు గుంజలకు కట్టేసి ఉంటుంది. పొదుగు కడిగి, చన్నులు తుడిచి, మొదటి నాలుగు ధారలు విడిగా గిన్నెలోకి పిండి చూస్తాం, ఉండలు, నీళ్లు కనిపిస్తున్నాయా అని. పొదుగువాపు ముందుగా అక్కడే తెలుస్తుంది. కడిగిన ఒకటి రెండు నిమిషాల్లో ఆవు చేపుతుంది, అంటే చన్నుల్లోకి పాలు దిగుతాయి. ఆ చేపు ఐదారు నిమిషాలు మాత్రమే ఉంటుంది. ఈలోపు ఫోన్ మోగిందని లేచి వెళ్తే మళ్లీ అంత తేలిగ్గా పాలు దిగవు. మీరు కొత్తవారు కాబట్టి మొదటి పది రోజులు పాలు తగ్గుతాయి. కంగారు పడకండి. ఆవుకు కొత్త చెయ్యి, కొత్త వాసన బెదురు. మీ అత్తగారి పక్కన కూర్చుని, ఆమె పితుకుతుంటే మీరు ఆవు వీపు మీద చెయ్యి వేసి మాట్లాడుతూ ఉండండి. పితికాక చన్ను రంధ్రం మూసుకోవడానికి కనీసం అరగంట పడుతుంది. అందుకే పాలు తీయగానే మేత వేస్తాం. తింటున్నంతసేపు ఆవు నిలబడే ఉంటుంది, పేడలో పడుకోదు. ఇలాంటి చిన్న పనులు అలవాటుగా చేస్తుంటారు గానీ ఎందుకో ఎవరూ వివరించరు. మీరు అడిగి తెలుసుకోండి.

నీళ్ల తొట్టి రోజూ చూడాలి. పాలిచ్చే ఆవు లీటరు పాలకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతుంది. ఎండాకాలం ఇంకా ఎక్కువ. తొట్టిలో పాచి పట్టి నీళ్లు ఇష్టపడకపోతే ఆ పూటే పాలల్లో తెలిసిపోతుంది. ఎద, అంటే ఆవు చూలు కట్టడానికి సిద్ధమయ్యే సమయం, అది కూడా అంతే, కనిపెట్టుకుని ఉండాలి. 21 రోజులకోసారి వస్తుంది, ఒక రోజు కూడా నిలవదు. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూలు కట్టే సూది వేయించాలన్నది పాత లెక్క. ఈ రోజు పట్టించుకోకపోతే ఇంకో 21 రోజులు మేపు దండగ.

నా తప్పు ఒకటి చెబుతాను. మూడో ఏడాది, చలికాలం, రాత్రి ఒంటిగంటకు ఆవు ఈనింది. ఆడదూడ, చక్కగా లేచి నిలబడింది. మామగారికి జ్వరం, మావారు ఊళ్లో లేరు. దూడ ఒళ్లు తుడిచి, గడ్డి పరిచి, తల్లి దగ్గర వదిలేసి, ముర్రుపాలు పొద్దున పితికేటప్పుడు పడదాంలే అని పడుకున్నాను. అదే తాగుతుందనుకున్నాను. అది తాగలేదు. తెల్లారి ఏడింటికి పట్టాను. నాలుగో రోజు పారుడు పట్టుకుంది, ఆరో రోజు చనిపోయింది. డాక్టరు చెప్పాకగానీ నాకు అర్థం కాలేదు. పశువుల్లో తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి దూడకు అందదు. అది ముర్రుపాలతోనే రావాలి. దూడ పేగు ఆ శక్తిని పీల్చుకునే గుణం గంటగంటకూ తగ్గిపోతూ 24 గంటల్లో మూసుకుపోతుంది. మొదటి రెండు గంటల్లోపు కొంత, మొదటి పూట ముగిసేలోగా దూడ బరువులో పదో వంతు తాగాలి. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఇంకో ఆవు ఈనిన రాత్రి వచ్చి నన్ను లేపి, పాలసీసా చేతికిచ్చి, దూడ నోట్లో సీసా పీక పెట్టేదాకా పక్కనే నిలబడ్డారు. ఆగని పని అంటే ఏమిటో నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఆవు ఈనాక మాయ (కడుపులో దూడ చుట్టూ ఉండే పొర) పన్నెండు గంటల్లోపు పడిపోవాలి. రోజు దాటినా పడకపోతే చేత్తో లాగకండి, డాక్టరును పిలవండి. మాయను, నెలలు నిండకుండా పడిపోయిన పిండాన్ని గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వాటి నుంచి మనుషులకు అంటుకునే జబ్బులున్నాయి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ దరిదాపులకు రానివ్వకండి. పాలు ఎంత తాజావైనా కాచాకే తాగాలి.

పెద్దవాళ్లతో పని చేయడం గురించి మీరు అడిగింది అసలు కష్టమైన ప్రశ్న. పొలంలో ఇల్లు, పని, డబ్బు మూడూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి. పొద్దున ట్రాక్టర్ దగ్గర జరిగిన గొడవ రాత్రి భోజనాల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. మా ఇంట్లో మొదటి ఐదేళ్లు అలాగే నడిచింది. తర్వాత వారానికి ఒక గంట పెట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం, అందరూ కూర్చుని వచ్చే వారం పనులు, ఖర్చులు, ఎవరికి ఏం నచ్చలేదో అన్నీ ఆ గంటలోనే. మిగతా రోజుల్లో భోజనం దగ్గర పొలం గొడవ ఎత్తకూడదని మా అత్తగారే పెట్టారు నియమం. వినడానికి చిన్నదే, కానీ ఇంట్లో టెన్షన్ సగం తగ్గింది.

డబ్బు విషయంలో మొహమాటపడకండి. వెళ్లే ముందే మాట్లాడుకోండి. మీ ఇద్దరికీ నెలకు చేతికి ఎంత వస్తుంది, అది జీతమా, లాభంలో వాటానా, మీరు పెట్టే పెట్టుబడి ఎవరి పేరున, భూమి రేపు ఎవరికి, పొలం మీద లేని తోబుట్టువులకు ఏమిటి. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. అందరూ ప్రేమగా ఉన్నప్పుడే రాసుకోవాలి. మనసులు విరిగాక రాసేది ఒప్పందం కాదు, తగాదా. "మన ఇంట్లో మనకు కాగితాలేంటి" అని మామగారు బాధపడితే, ఆయన లేనినాడు కూడా అన్నదమ్ములు మాట్లాడుకునేలా ఉండాలనే అడుగుతున్నామని చెప్పండి. నేను చూసిన ఇళ్లలో విడిపోయినవన్నీ నోటి మాట మీద నడిచినవే.

మీ పేరు కూడా ఆ కాగితం మీద ఉండాలి. ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ప్రపంచంలో 60 కోట్లకు పైగా పొలాలుంటే, వాటిలో 90 శాతానికి పైగా కుటుంబాలు నడిపేవే. ఐక్యరాజ్యసమితి 2014ను కుటుంబ వ్యవసాయ సంవత్సరంగా, 2019 నుంచి 2028 వరకు కుటుంబ వ్యవసాయ దశాబ్దిగా ప్రకటించింది. 2026ను మహిళా రైతు సంవత్సరంగానూ ప్రకటించింది. ఎందుకు ప్రకటించాల్సి వచ్చిందో పొలంలో ఉండే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. పాలు తీసేది, దూడల్ని సాకేది, లెక్కలు రాసేది ఆమె. రైతు ఎవరంటే ఇంటి మగవాళ్ల పేరు చెబుతారు. మీరు వెళ్లిన కొత్తలోనే ఏదో ఒక పని పూర్తిగా మీ చేతికి తీసుకోండి. నాకు కోళ్లిచ్చారు. ఏ మేత కొనాలో, ఎప్పుడు పిల్లల్ని పొదిగించాలో, గుడ్లు ఎవరికి అమ్మాలో అన్నీ నా నిర్ణయమే. లాభం వచ్చినా నష్టం వచ్చినా నాదే. 21 రోజులు పొదిగాక మొదటి జట్టులో సగం గుడ్లు పగలలేదు, ఎవరూ వచ్చి సలహా చెప్పలేదు. రెండో జట్టుకు నేర్చుకున్నాను. అప్పటినుంచే ఆ పొలం నాదిగా తోచింది.

మామగారి వైపు నుంచి కూడా ఆలోచించండి. నలభై ఏళ్లు తన చేతుల మీద నడిచిన పొలం. "మీరు విశ్రాంతి తీసుకోండి నాన్నగారూ" అని ప్రేమతో అన్నా, ఆయనకు "మీరిక అక్కర్లేదు" అని వినిపిస్తుంది. ఒళ్లు కష్టపెట్టే పనులు మీరు తీసుకోండి, చూపుకు సంబంధించినవి ఆయనకు వదలండి. ఏ పశువు నలతగా ఉంది, గడ్డి ఆరిందా లేదా, రేపు వాన వస్తుందా, ఇవి ఆయన్నే అడగండి. ఊరికే గౌరవానికి అడగడం కాదు, ఆయనకే బాగా తెలుసు. మొదటి ఏడాది ఏదీ మార్చకండి. మీకు తెలివితక్కువగా కనిపించే పద్ధతికి వెనుక ఎప్పుడో జరిగిన నష్టం ఒకటి ఉండి ఉంటుంది.

పిల్లల సంగతికి వస్తే, తొమ్మిదేళ్ల పిల్ల గుడ్లు ఏరగలదు, కోళ్ల గూడు సాయంత్రం లెక్కపెట్టి మూయగలదు, దూడకు సీసాతో పాలు పట్టగలదు. ఆరేళ్లవాడు నీళ్ల తొట్టి నిండిందో లేదో చూసి చెప్పగలడు. చిన్న పనే, కానీ నిజమైన పని ఇవ్వండి. ఉత్తుత్తి పని పిల్లలు ఇట్టే పసిగడతారు. మా పెద్దది ఒకరోజు గూడు మూయడం మరిచింది. నక్క పడి ఏడు కోళ్లు పోయాయి. తిట్టలేదు. పొద్దున ఈకలు ఏరడానికి తనూ మాతో వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ మరవలేదు. తను సాకిన దూడ అమ్ముడవుతుందని ముందే చెప్పండి, అమ్మే రోజు పిల్లల్ని ఎక్కడికో పంపేసి దాచకండి. ఏడుస్తారు. ఏడవనివ్వండి, పక్కన ఉండండి.

కానీ కొన్నింటికి రాజీ లేదు. ట్రాక్టర్‌కు ఒకటే సీటు, ఒకరే మనిషి. మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టుకుని ఊరేగించడం ముద్దుగానే ఉంటుంది, ఒక్క కుదుపు చాలు పిల్ల చక్రం కింద పడటానికి. ట్రాక్టర్ బోల్తా పడటం పొలాల్లో ప్రాణాలు తీసే ప్రమాదాల్లో మొదటి వరసలో ఉంటుంది. ధాన్యం పోసిన గాదెల్లో, పెద్ద డబ్బాల్లో ఆడనివ్వకండి, గింజలు ఇసుకలా కిందికి లాగేస్తాయి. కొత్తగా ఈనిన ఆవు దగ్గరికి, ఆబోతు దగ్గరికి ఒంటరిగా పంపొద్దు. పురుగుమందులు తాళం వేసిన చోట, వాటి సొంత డబ్బాల్లోనే ఉండాలి. తాగే సీసాల్లోకి ఎప్పుడూ వంపొద్దు.

ఇక పేడ గుంత. మీ పొలంలో మూత వేసిన గుంత గానీ ట్యాంకు గానీ ఉంటే, ఇది ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన. ఎక్కువైతే ముక్కే పనిచేయదు, వాసన తెలియదు, మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. ఒకరు పడిపోతే కాపాడదామని కొడుకు దిగుతాడు, వెనకాలే తండ్రి దిగుతాడు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది. ఎవరు లోపలున్నా సరే, దిగకూడదు. బయట నుంచి సాయం పిలవాలి. కన్నబిడ్డ లోపల ఉన్నప్పుడు ఈ మాట గుర్తుండదు. అందుకే ముందే పదిసార్లు అనుకోవాలి.

ఇరుగుపొరుగు గురించి చెప్పడానికి నాకు చాలా ఉంది. కుటుంబ పొలం ఒంటరిగా బతకదు. పదకొండేళ్ల కిందట, గడ్డి కోసి పరిచిన రెండో రోజు మావారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. నేను ఆసుపత్రిలో ఉన్నాను. మూడు రోజుల్లో వాన అన్నారు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తి, "గడ్డి ఇంటికొచ్చేసింది, నువ్వు నిదానంగా రా" అన్నారు. అయిదు ఇళ్లవాళ్లు వాళ్ల సొంత గడ్డి పొలంలో వదిలేసి వచ్చి మాది ఎత్తారట. ఒకాయన ప్రతి కట్టలో చెయ్యి పెట్టి చూసి, తడిగా ఉన్న పదహారు కట్టలు పక్కన పెట్టించాడు. తేమ 20 శాతం దాటిన గడ్డిని పేరిస్తే లోపల వేడి పుట్టి, వారాల తర్వాత కూడా తనంతట తానే అంటుకోగలదు. తన గడ్డి వానకు వదిలి వచ్చిన మనిషి మా గడ్డి విషయంలో అంత జాగ్రత్త పడ్డాడు. ఆ కట్టలు గోడ పక్కన విడివిడిగా నిలబెట్టి ఉండటం చూసి నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

అలాంటి సాయం ఊరికే రాదు. అంతకు ముందు పదేళ్లు మా మామగారు, మావారు వాళ్ల పనులకు వెళ్లారు. మా ఇంట్లో ఒక నోట్‌బుక్ ఉంది. ఎవరు ఎన్ని గంటలు మాకు వచ్చారు, మేం ఎవరికి ఎన్ని గంటలు బాకీ అని. వాళ్లకు చూపించడానికి కాదు, మేం మరవకుండా ఉండటానికి. బాకీ పూర్తిగా తీర్చేయడం కూడా మంచిది కాదంటారు మామగారు, అటో ఇటో కొంచెం మిగిలి ఉంటేనే రాకపోకలుంటాయట. మీరు కొత్తగా వెళ్లినప్పుడు పిలిచేదాకా ఆగకండి. ఎవరి పొలంలోనైనా పని జోరుగా నడుస్తుంటే వెళ్లి, "నేనేం చేయనూ" అని అడగండి. పని రాకపోయినా నీళ్లు అందించొచ్చు, పిల్లల్ని చూడొచ్చు. రెండు మూడు సీజన్లకు మీ పేరుతో పిలుస్తారు. అరువు తెచ్చిన పనిముట్టు కడిగి, డీజిల్ నింపి, చెప్పిన రోజుకంటే ముందు ఇచ్చేయండి. ఏదైనా విరిగితే బాగు చేయించాకే ఇవ్వండి, విరిగిన సంగతి మాత్రం వెంటనే చెప్పండి. పొలాల దారిలో కంచె తలుపు మూసి ఉంటే మూసి వెళ్లండి, తెరిచి ఉంటే తెరిచే వదలండి. తెరిచి ఉంచడానికి వాళ్లకో కారణం ఉంటుంది, బహుశా పశువులు నీళ్లకు వెళ్లే దారి అదే కావొచ్చు.

మీ పశువు పక్క చేలో పడితే ఆయన మీ ఇంటికి రాకముందే మీరు ఆయన ఇంటికి వెళ్లండి. మందు కొట్టే ముందు రోజు పక్కవాళ్లకు చెప్పండి, వాళ్లకు తేనెటీగలుంటే సాయంత్రం అవి గూటికి చేరాక కొట్టండి. మీ మందలో గాలికుంటు లాంటి అంటువ్యాధి కనిపిస్తే ఆ గంటలోనే డాక్టరుకూ, చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతి ఇంటికీ చెప్పాలి. చెబితే పరువు పోతుందనీ, పాలు కొనరనీ దాచేవాళ్లున్నారు. ఒకసారి దాచి పక్కవాడి దూడల చావుకు కారణమైన ఇంటిని మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు.

ఒంటరితనం కూడా ఉంటుంది, ముఖ్యంగా మీకు. మనుషులు లేక కాదు, మీ సంగతులు తెలిసిన మనిషి లేక. మొదటి చలికాలం నాకు అన్నిటికంటే బరువుగా గడిచింది. పాత స్నేహితులకు ఫోన్ చేయడం మానకండి. సెలవు గురించి కూడా వెళ్లే ముందే ఏర్పాటు చేసుకోండి. మేం పక్కింటి వాళ్లతో పాలు మార్చుకుంటాం: ఏడాదిలో ఆరు రోజులు వాళ్ల మంద మేం పితుకుతాం, ఆరు రోజులు మా మంద వాళ్లు. కొట్టం గోడకు ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. ఏ ఆవుకు ఎంత దాణా, ఏది తంతుంది, ఏది మందు మీద ఉంది కాబట్టి దాని పాలు కలపకూడదు, డాక్టరు నంబరు. అది ఎప్పటికప్పుడు సరిచేసి ఉంచితే, అర్ధరాత్రి మీకు ఆపద వచ్చి వెళ్లాల్సి వచ్చినా ఎవరైనా వచ్చి పొద్దున పాలు తీయగలరు.

ఏం తెచ్చుకోవాలన్నారు. బట్టలు ఎక్కువ వద్దు. ఒక్కొక్కరికీ రెండేసి జతల రబ్బరు బూట్లు తెచ్చుకోండి, ఒక జత కొట్టానికి, ఒక జత మిగతా చోట్లకు. కొట్టం బూట్లు ఇంకొకరి కొట్టంలోకి తీసుకెళ్లొద్దు, జబ్బులు వాటితోనే ప్రయాణం చేస్తాయి. నుదుటికి కట్టుకునే లైట్లు రెండు కొనండి. ఆవు చీకట్లో ఈనొచ్చు, ఆ టైములో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వాటిని బీరువాలో పెట్టకండి. పెరటి తలుపు పక్కన మేకుకు తగిలించి, ప్రతి రాత్రి పడుకునే ముందు వెలుగుతున్నాయో లేదో ఒకసారి నొక్కి చూడండి.